జ్యోతి వెలిగే దాకా ఫ్యాన్లు ఆపండి

ఉన్నత విద్యకు వెలుగు ఏ దిక్కు నుంచి వస్తుందో తెలియనివాళ్లు మా డిగ్రీ కాలేజీ సెమినార్ హాలుకు ఒకసారి రావాలి. వేదిక పక్కన ఇత్తడి దీపపు కుందె, అందులో ఐదు వత్తులు. గాలికి దీపం ఆరిపోతుందని ఫ్యాన్లన్నీ ఆపేశారు. నెల ఏప్రిల్. కొవ్వొత్తి దొరికింది గానీ అగ్గిపెట్టె దొరకలేదు. పొగాకు రహిత ప్రాంగణమని గేటు దగ్గరే బోర్డు ఉంది కాబట్టి అధ్యాపకుల జేబుల్లో అగ్గిపెట్టె ఉండదు, ఉన్నా తీయరు. చివరికి అటెండరు జేబులోంచి వచ్చింది. ప్రిన్సిపాల్ గారు ఒక వత్తి, ముఖ్య అతిథి ఒక వత్తి వెలిగించారు. ఐదో వత్తి దగ్గరికి వచ్చేసరికి కొవ్వొత్తి వంగిపోయింది. ఫొటోకు నాలుగు చాలన్నారు. అలా ‘విద్యార్థి సౌకర్యమే కేంద్రంగా బోధన’ అన్న అంశం మీద ఐదు రోజుల అధ్యాపక అభివృద్ధి కార్యక్రమం, అంటే ఎఫ్‌డీపీ, చెమటలు తుడుచుకుంటూ మొదలైంది.

ఈ కార్యక్రమాల మీద వెటకారాలాడేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లకు జవాబు చెప్పాల్సిన బాధ్యత నా మీద ఉంది. ఎందుకంటే ఇరవై రెండేళ్లుగా చరిత్ర పాఠాలు చెబుతున్న నా సర్టిఫికెట్లు రెండు బాక్స్ ఫైళ్లు నిండి మూడోదాంట్లో పడ్డాయి. శాతవాహనుల గురించి మనకు మిగిలిన శాసనాలకన్నా నా గురించి మిగలబోయే శాసనాలే ఎక్కువ.

గురువుకూ గురువు కావాలని ప్రభుత్వం ఎప్పుడో గుర్తించింది. 1986 జాతీయ విద్యా విధానం వచ్చాక, 1987 నుంచి యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల శిక్షణకు అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టించింది. 2015లో అవే మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి. 2023లో మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాలయ్యాయి. ఇన్నేళ్లలో నిలకడగా అభివృద్ధి చెందింది బోర్డులు రాసే పెయింటరేనని గిట్టనివాళ్లంటారు. పెయింటర్ మాత్రం మన సమాజంలో భాగం కాదా?

చదువును తూకం వేయలేమన్న పాత బెంగ కూడా 2010లో తీరిపోయింది. ఆ ఏడు వచ్చిన యూజీసీ నిబంధనల్లో అధ్యాపకుల ప్రమోషన్లకు ఏపీఐ అనే పాయింట్ల లెక్క పెట్టారు. వారం రోజుల శిక్షణకు 10 పాయింట్లు, రెండు వారాలకు తగ్గకుండా ఉంటే 20. పదమూడో రోజు దాకా మనిషిలో పది పాయింట్ల జ్ఞానమే ఉంటుంది. పద్నాలుగో రోజు సాయంత్రం టీ తాగాక మిగతా పదీ ఒక్కసారిగా దిగుతాయి. ఇది ఎలా జరుగుతుందో ఫిజిక్స్ వాళ్లను అడిగాను. వాళ్లు కూడా ఆ పాయింట్ల కోసమే వచ్చారట, విచారించలేదన్నారు. 2018లో నిబంధనలు మళ్లీ మారాయి గానీ, పై లెవెల్‌కు వెళ్లాలంటే ఓరియంటేషన్, రిఫ్రెషర్ కోర్సుల కాగితాలు చూపించాల్సిందే. కాగితం నిలిచింది, అది ముఖ్యం.

ఇక న్యాక్. 1994లో పుట్టి బెంగళూరు నుంచి దేశంలోని కాలేజీల నాణ్యతను మదింపు చేసే సంస్థ. అది అడుగుతూ వచ్చిన ఏడు ప్రమాణాల్లో ఆరోదానిలో ‘అధ్యాపకుల సాధికారత’ అని ఒక గడి ఉంది. ఐదేళ్లలో ఎంతమంది శిక్షణకు వెళ్లారో లెక్క రాసి, సర్టిఫికెట్ల నకళ్లు, జియోట్యాగ్ ఫొటోలు జతచేయాలి. పూర్వం ఒకే రోజు మూడు బ్యానర్లు కట్టి, చొక్కాలు మార్చుకుని మూడు వర్క్‌షాపుల ఫొటోలు దిగిన ప్రతిభావంతులు ఉండేవారు. ఇప్పుడు అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం ఫొటో మీదే పడిపోతున్నాయి. లెక్చరర్ ఏ నిమిషాన భూగోళం మీద ఎక్కడ నిలబడ్డాడో దశాంశాలతో సహా నిరూపించవచ్చు. అక్కడ నిలబడి ఏం చెప్పాడన్నది ఇంకా ఎవరూ అడగలేదు. అడగకూడదు కూడా, ప్రతిదీ అడిగితే పరస్పర విశ్వాసం ఏముంటుంది?

సెషన్ల సంగతికి వద్దాం. వందన సమర్పణ అయ్యాక జ్యోతి ఆర్పి ఫ్యాన్లు వేస్తారు. అప్పుడు ఐస్ బ్రేకర్ అంటారు. పక్కన కూర్చున్నవారి గురించి ఒక మంచి మాట చెప్పాలి. నా ముందు వరసలో బోటనీ సార్, జువాలజీ మేడమ్ పక్కపక్కన పడ్డారు. ల్యాబ్ గది తాళంచెవి గొడవ తర్వాత ఎనిమిదేళ్లుగా వాళ్ల మధ్య మాటల్లేవు. సార్ లేచి, చాలాసేపు ఆలోచించి, “మేడమ్ గారు టైముకు ఇంటికి వెళ్తారు” అన్నారు. హాలంతా చప్పట్లు. మేడమ్ గారు తన వంతు వచ్చినప్పుడు, “సార్ గురించి చెప్పడానికి రెండు నిమిషాలు చాలవండి” అని కూర్చున్నారు. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన రిసోర్స్ పర్సన్ చాలా సంతోషించి రిపోర్టులో రాయించారు.

తర్వాత బ్లూమ్ గారి పిరమిడ్. చదువులో ఆలోచన ఎలా పైకి ఎక్కుతుందో చెబుతూ బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో ఇచ్చిన ఆరు మెట్లు, 2001లో సవరించినవి. నేను వెళ్లిన ప్రతి శిక్షణలోనూ ఈ పిరమిడ్ చూశాను. అడుగు మెట్టు ‘గుర్తుంచుకోవడం’. ఇన్నిసార్లు చూశాక ఆ మెట్టు మేమందరం ఎక్కేశాం. రెండో మెట్టు ‘అర్థం చేసుకోవడం’ దగ్గరికి రాగానే ప్రతిసారీ భోజనాల గంట కొడుతుంది.

మధ్యాహ్నం గ్రూప్ యాక్టివిటీ. ఒక్కో బృందానికి ఒక చార్టు, ఒక స్కెచ్ పెన్ను. వచ్చే ఏడు రిటైరయ్యే కామర్స్ సార్ ఎర్ర పెన్ను కోసం ఇంగ్లిష్ విభాగంతో పెట్టుకున్న పేచీ చూసి నాకు కళ్లు చెమర్చాయి. అభ్యసనం ఆనందదాయకంగా ఉండాలనేది ఇదే కదా.

2020 ఈ రంగానికి స్వర్ణయుగం. కాలేజీలు మూతపడ్డాయి గానీ అభివృద్ధి మూతపడలేదు. వెబినార్ లింకు వాట్సాప్‌లో వస్తుంది, క్విజ్ ఉంటుంది, పాసు మార్కులు వస్తే ఈ-సర్టిఫికెట్ మెయిల్‌కు వస్తుంది. తప్పు రాస్తే ఇంకోసారి రాయొచ్చు. ఆ ఎండాకాలం ఇంట్లో ఆవకాయ పెడుతున్నారు. నేను మామిడి ముక్కలు తుడుస్తూ ఒక్క మధ్యాహ్నంలో మేధో సంపత్తి హక్కులు, మైక్రోప్లాస్టిక్స్, మెషీన్ లెర్నింగ్‌లలో ఉత్తీర్ణుణ్నయ్యాను. మూడో సర్టిఫికెట్లో నా ఇంటిపేరు తప్పుపడింది. ఆవకాయ మాత్రం ఆ ఏడు బాగా కుదిరింది.

బోధించేవాళ్లు ఒక్కరే అభివృద్ధి చెందితే సరిపోతుందా? అందుకని ఆఫీసు సిబ్బందికి ‘ఒత్తిడిని జయించడం ఎలా’ అని ఒక రోజు వర్క్‌షాప్ పెట్టారు. ఆ రోజే పరీక్ష ఫీజుకు ఆఖరి తేదీ. అవతల ఈపాస్ స్కాలర్‌షిప్ కాగితాల గుట్ట. కౌంటర్ ముందు క్యూ వరండా దాటి సైకిల్ స్టాండు దాకా పోయింది. లోపల సూపరింటెండెంట్ గారిని కళ్లు మూసుకుని ప్రశాంతమైన నదిని ఊహించుకోమన్నారు. ఆయన ఊహించుకున్నారు, నది ఒడ్డున కూడా క్యూ కనిపించిందట. ఉదయం నుంచి కుర్చీలు వేసి, నీళ్ల సీసాలు పెట్టి, సమోసాలు తెచ్చిన అటెండరును కూడా, ఫొటోలో తలలు తక్కువ పడుతున్నాయని, చివరి వరసలో కూర్చోబెట్టారు. ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టమన్నారు. “సర్వీసంతా బిగబట్టే ఉన్నా సార్, వదిలేది ఎప్పుడో చెప్పండి” అన్నాడాయన. టైము లేదని ఆ ప్రశ్న తీసుకోలేదు.

ఇదంతా మన దగ్గరే అనుకునేవాళ్లకు ఒక మాట. మా చిన్నాన్న కూతురు కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో పార్ట్‌టైమ్‌గా లెక్కలు చెబుతుంది. అక్కడ వీటిని ఫ్లెక్స్ డేలు అంటారు. ఏడాదికి 15 బోధన దినాల దాకా క్లాసుల బదులు ఇలా వాడుకోవడానికి నిబంధనలే ఒప్పుకుంటాయి. మనం ఓడీ, అంటే ఆన్ డ్యూటీ, పెట్టుకుని దొంగచాటుగా వెళ్తున్నాం, వాళ్లు క్యాలెండర్‌లోనే అచ్చేశారు. “సమోసా ఉంటుందా?” అని అడిగాను. “మఫిన్ ఉంటుంది అన్నయ్యా. పిరమిడ్ మాత్రం అదే” అంది. అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో పాఠం చెప్పేవాళ్లలో సగానికి పైగా తనలాంటి పార్ట్‌టైమ్ వాళ్లే.

మా దగ్గర ఆ స్థానంలో గెస్ట్ లెక్చరర్లు ఉంటారు. చెప్పిన గంటకు ఇంత అని లెక్క. మేం ఎలా చెప్పాలో నేర్చుకోవడానికి వెళ్లినప్పుడు, చెప్పడం వాళ్లు చూసుకుంటారు. మా గెస్ట్ సార్ ఈసారి తనూ వస్తానన్నాడు. పద్ధతి కాదని నచ్చజెప్పాం. ప్రమోషన్ లేనివాడికి పాయింట్లెందుకు, పాయింట్లు లేనివాడికి అభివృద్ధి ఎందుకు? పైగా కూర్చుని విన్న గంటకు ఆయనకు డబ్బులు రావు. ఆయన మేలు కోరే చెప్పాం.

ఐదో రోజు సర్టిఫికెట్ తీసుకుని, ఆరో రోజు బీఏ రెండో సంవత్సరం క్లాసుకు వెళ్లాను. విద్యార్థి కేంద్రంగా మొదలుపెడదామని, “మనం ఎక్కడ ఆగాం?” అని అడిగాను.

“మీరు రెండో యూనిట్‌లో ఆగారు సార్. గెస్ట్ సార్ మూడోది చెప్పేశారు” అంది ముందు బెంచీ అమ్మాయి. కాసేపాగి, “మళ్లీ ఎప్పుడు వెళ్తారు సార్?” అంది.

శిక్షణ ప్రభావం మీద ఒక ఫారం నింపి సాయంత్రంలోగా ఇవ్వాలి. కూర్చుని నిజాయితీగా నింపాను. శిక్షణ వల్ల సిలబస్ పురోగతి: ఒక యూనిట్ పూర్తయింది. విద్యార్థుల స్పందన: మళ్లీ వెళ్లమంటున్నారు.