నారాయణుడికి నైట్ డ్యూటీ

మా ఆస్పత్రి ఓపీ హాల్లో, క్యూలో నిలబడినవాళ్ల తలలకు సరిగ్గా పైన, గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: 'వైద్యో నారాయణో హరిః'. దాని కింద ఇంకో బోర్డు: 'మీ సెల్‌ఫోన్లకు, చెప్పులకు మీరే బాధ్యులు'. రెండో బోర్డును అందరూ నమ్ముతారు. మొదటిదాన్ని నమ్మింది నేనొక్కదాన్నే.

జనరల్ మెడిసిన్‌లో పీజీ మొదటి సంవత్సరం నాది. ఒకసారి డ్యూటీ ముప్పై ఒకటో గంటలో పడ్డాక, ఆ బోర్డు చూస్తూ నాకో న్యాయమైన సందేహం కలిగింది. నన్ను నారాయణుడని సర్కారువారే గోడ మీద రాయించారు కదా, మరి నారాయణుడికున్న సెలవులు నాకు వర్తిస్తాయా, వర్తించవా? స్వామి తొలి ఏకాదశి నాడు పాలకడలిలో శేషుడి మీద పడుకుంటాడు. లేచేది కార్తీక శుద్ధ ఏకాదశికి. అంటే నాలుగు నెలలు. మధ్యలో భాద్రపదంలో ఒక్కసారి పక్కకి ఒత్తిగిల్లుతాడు, దానికీ జనం ఉపవాసం ఉంటారు. నేను డ్యూటీ రూములో ఒత్తిగిల్లితే మంచం కిర్రుమంటుంది, అదే మంచం మీద అవతలి అంచున పడుకున్న తోటి పీజీ ఉలిక్కిపడి లేచి "మోగింది నీ ఫోనా, నాదా?" అంటుంది.

ఈ విషయం మా ఆఫీసు గుమస్తాగారి దగ్గర కదిపాను. ముప్పై ఏళ్ల సర్వీసు ఆయనది. ఆయనకు తెలియని రూలు లేదు. కళ్లజోడు నుదుటి మీదకు నెట్టి, "ఏ నారాయణుడమ్మా?" అన్నారు.

"ఎంతమంది ఉన్నారండీ?"

"పాలకడలి పోస్టు వేరు, తిరుమల పోస్టు వేరు. తిరుమలలో అర్ధరాత్రి దాటాక ఏకాంత సేవ చేసి పడుకోబెడతారు. మూడింటికల్లా సుప్రభాతం. ఇంక రోజంతా ఓపీయే. మీకు పడింది తిరుమల పోస్టింగు. పాలకడలి పోస్టులు సెక్రటేరియట్‌లో ఉంటాయి, మన దాకా రావు."

శాస్త్రం అంత స్పష్టంగా చెప్పాక నేను వాదించలేదు. పైగా ఆ శ్లోకం మొత్తం చదివి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. శరీరం శిథిలమై, రోగాలు చుట్టుముట్టాక ఇక గంగనీళ్లే మందు, ఆ హరే వైద్యుడు అని దాని భావం. చూడబోతే రాసినాయన ఉద్దేశం డాక్టరు దగ్గరికి పోయి లాభం లేదనేమో. ఓపీ హాల్లో రాయించినవాళ్లు ఫార్మసీలో స్టాకు చూసుకునే రాయించి ఉంటారు.

మా పని గంటల మీద రాతకోతలు లేవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బోలెడున్నాయి. 1992లోనే కేంద్ర ప్రభుత్వం రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ ఏకబిగిన 12 గంటలు, వారానికి 48 గంటలు మామూలుగా దాటకూడదని రాసింది. 'మామూలుగా' అన్నమాట గుర్తుపెట్టుకోండి, మా జీవితాలు అందులోనే ఉన్నాయి. 2023లో వచ్చిన పీజీ నిబంధనల్లో అంకెల గొడవే లేకుండా 'సహేతుకమైన పని గంటలు', 'సహేతుకమైన విశ్రాంతి' అన్నారు. వారానికో సెలవు కూడా ఇచ్చారు, పని అవసరాలకు లోబడి. ఆ మరుసటి ఏడాది జాతీయ వైద్య కమిషన్ వేసిన కార్యదళం మా మనోవేదన అంతా పరిశీలించి, వారానికి 74 గంటలు మించొద్దనీ, రోజుకు ఏడెనిమిది గంటలు నిద్రపోవాలనీ సిఫారసు చేసింది. 48 కాస్తా 74 అయింది. కందిపప్పు ధర పెరగగా లేనిది గంటలు పెరిగితే తప్పేముంది?

ఈ ఏర్పాటంతా మన బుర్రలో పుట్టిందని కూడా అనుకోవద్దు. రెసిడెంట్ అంటే ఆస్పత్రిలోనే కాపురముండేవాడని అర్థం. అమెరికాలో ఈ పద్ధతికి పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్. 1889లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో ఆయన శిష్యులు రాత్రింబవళ్లు అక్కడే పడి ఉండేవారు. అంతకు కొన్నేళ్ల ముందు ఆయన కొకైన్‌తో తిమ్మిరి ఎక్కించడం ఎలాగో కనిపెట్టబోయి, తన మీదే ప్రయోగాలు చేసుకుని దానికి బానిసయ్యాడు. అది మాన్పించబోతే మార్ఫిన్ పట్టుకుంది. గొప్ప సర్జన్, అందులో అనుమానం లేదు. ఆయన పెట్టిన ఆనవాయితీని మనం ఇప్పటికీ భక్తిగా నడిపిస్తున్నాం. కాకపోతే ముడిసరుకు మారింది. మేము టీ మీద లాగిస్తున్నాం.

యాజమాన్యం మమ్మల్ని పట్టించుకోలేదనడం కూడా అన్యాయం. మొన్నామధ్య 'ఒత్తిడిని జయించడం ఎలా' అని ఒక కార్యక్రమం పెట్టారు. నైట్ డ్యూటీ దిగినవాళ్లకు ఇబ్బంది కలగకుండా మధ్యాహ్నం రెండింటికి పెట్టారు. హాజరు తప్పనిసరి, రానివాళ్లు రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలి. వచ్చిన వక్త మంచి గొంతున్న మనిషి. "మీలోకి మీరు తొంగి చూసుకోండి" అన్నారు. తర్వాత కాగితాలు పంచి, మీకు సంతోషాన్నిచ్చే పనులు మూడు రాయమన్నారు. మొదటిది 'పడుకోవడం' అని రాశాను. రెండోది 'మళ్లీ పడుకోవడం'. మూడోది రాసేలోపు మొదటిది అమల్లోకి వచ్చేసింది.

నిజానికి లోపలికి తొంగి చూసుకోమని నాకు ఒకరు చెప్పక్కర్లేదు. 'నేనెవరు?' అని తెలుసుకోవడానికి మనవాళ్లు ఇప్పుడు పౌర్ణమి పౌర్ణమికీ బస్సులు కట్టుకుని అరుణాచలం వెళ్లి పద్నాలుగు కిలోమీటర్లు నడిచి వస్తున్నారు. క్యాజువాలిటీ నుంచి ల్యాబుకి, ల్యాబు నుంచి బ్లడ్ బ్యాంకుకి, అక్కణ్ణుంచి స్కానింగుకి, స్కానింగువాళ్లు సంతకం లేదంటే మళ్లీ క్యాజువాలిటీకి, నా ప్రదక్షిణ కూడా దాదాపు అంతే ఉంటుంది. ఆత్మజ్ఞానం కూడా కొంత కలిగింది. చదివింది వైద్యం గానీ, అసలు నేనెవరయ్యా అంటే, వీల్‌చైరు దొరకనప్పుడు స్ట్రెచర్ తోసేదాన్ని. రిపోర్టు పోయినప్పుడు వెతికేదాన్ని. రక్తం శాంపిళ్లు గ్లౌజులో మూటకట్టి పట్టుకెళ్లేదాన్ని. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో చదువుకుంటూ, పొట్టకూటికి ఒక ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. ఆ సంగతి తలుచుకుంటే మొదట్లో ధైర్యంగా ఉండేది. తర్వాత తట్టింది. ఆయన పోర్టరుగా మొదలై శాస్త్రవేత్త అయ్యారు. నేను డాక్టరునై పోర్టరు పనిలో చేరాను. రూటు ఒకటే, నేనెక్కిన బస్సు ఎదురు దిక్కున పోతోంది.

ఇక రోగుల తాలూకు మనుషుల లెక్కలో నేను సిస్టర్ని. మెడలో స్టెతస్కోపు ఉన్నా సిస్టర్నే. నా కింద పనిచేసే హౌస్ సర్జన్ కుర్రాడికి ఈమధ్యే మీసం వచ్చింది, ఆ ఒక్క అర్హత మీద అతను "సార్" అయిపోయాడు. "అక్కా, ఈ డోసు ఎంత?" అని అతను నన్ను అడిగితే, చుట్టూ ఉన్నవాళ్లు ముచ్చటపడతారు. చూశారా, అంత పెద్ద డాక్టరై ఉండీ సిస్టర్ని ఎంత మర్యాదగా అడుగుతున్నాడో అని. నేను బాధపడను. నారాయణుడు మోహిని వేషం కట్టినప్పుడు కూడా ఎవరూ గుర్తుపట్టలేదు.

మా అమ్మకైతే నేనెవరో ఇంకా తేలలేదు. తెల్లారి ఫోన్ చేసి "రాత్రి నిద్రపోయావా?" అంది.

"ఎక్కడమ్మా, వరసగా నాలుగు ఎమ్మెల్సీలు."

"నాలుగా! ఏ పార్టీ?"

మా భాషలో ఎమ్మెల్సీ అంటే మెడికో లీగల్ కేసు, పోలీసులకు కబురు చెయ్యాల్సిన కేసు. "తాగిన పార్టీ" అన్నాను. "అన్ని పార్టీలూ అంతేలే" అని ఫోన్ పెట్టేసింది. ఆ రోజు నుంచి మా వీధిలో నాకు పలుకుబడి పెరిగింది. ఎదురింటాయన రేషన్ కార్డు పని ఒకటి అప్పజెప్పాడు.

నాకు సంతోషాలు లేవా అంటే ఉన్నాయి, అవి బయటివాళ్లకు చెబితే అర్థం కావు. పొద్దున జేబులో పెట్టుకున్న పెన్ను రాత్రికి కూడా నా జేబులోనే ఉంటే ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలియదు. లిఫ్టు పనిచేస్తూ, ఖాళీగా, నేనున్న అంతస్తులోనే ఆగి ఉండగా ఒకే ఒక్కసారి చూశాను. ఎవరికీ చెప్పలేదు, దిష్టి తగులుతుందని.

అన్నిటికన్నా పెద్దది, ఎవరికీ దొరకని నరం నాకు దొరకడం. ఒక మామ్మగారు డీహైడ్రేషన్‌తో వచ్చారు. రాత్రి రెండున్నర. చేతుల్లో నరాలు దారాల్లా ఉన్నాయి. నేను వంగి వెతుకుతుంటే ఆవిడ నీరసంగానే, "పెళ్లయిందా అమ్మా?" అంది. లేదన్నాను. "ఏ ఊరు మీది? ఎవరి తాలూకు?" చెప్పాను. "మా మనవడున్నాడు, సాఫ్ట్‌వేరు. వారానికి ఐదు రోజులే పని" అంది. ఐదు రోజులు అన్నమాట చెవిన పడగానే నా చేతికి ఎక్కడలేని స్థిరత్వం వచ్చింది. ఒక్క పోటుకే క్యానులా నరంలోకి దిగింది. ఆ అబ్బాయి ఎవరో గానీ, వైద్యశాస్త్రానికి అతను చేసిన మేలు అతనికి తెలియదు.

కానీ నా ఉద్యోగంలో ప్రభుత్వ మార్గదర్శకాలే స్వయంగా మంజూరు చేసిన విశ్రాంతి ఒకటుంది. దాని గురించి వివరంగా చెప్పాలి. అది సరిగ్గా ఇరవై నిమిషాలు.

పాము కరిచి వచ్చినవాళ్లకు రక్తం గడ్డకడుతోందో లేదో చూడాలి. దానికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు. శుభ్రంగా, పొడిగా ఉన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి నిలబెట్టాలి. గాజుదే కావాలి, ప్లాస్టిక్ పనికిరాదు. ఇరవై నిమిషాలు దాన్ని కదపకూడదు, వంచి చూడకూడదు, ఓపిక పట్టాలి. ఆ తర్వాత ఒక్కసారి వంచాలి. గడ్డకట్టి ఉంటే సరే, నీళ్లలా జారితే విషం ఎక్కినట్టు.

మొన్న వానాకాలంలో రాత్రి పదిన్నరకు ఒక రైతును తీసుకొచ్చారు. పొలానికి నీళ్లు పెట్టబోతే గట్టు మీద కాలికి వేసింది. మోకాలి కింద తాడు బిగించి, ఆకు పసరు పూసి, ఊళ్లో ఒక గంట మంత్రం వేయించాక మా దగ్గరికి తెచ్చారు. మేనల్లుడు సాక్ష్యం కోసమని పామును కూడా యూరియా సంచిలో పెట్టి తెచ్చి, నా టేబుల్ మీద కేస్‌షీట్ల పక్కన పెట్టాడు. "చచ్చిందా?" అంటే "చచ్చే ఉంటదండి" అన్నాడు. సంచి కదిలింది. మీసమున్న సారు స్టూలు ఎక్కాడు. నారాయణుడికి పాము పడకైతే, నాకు పేపర్ వెయిట్ అయింది. సెక్యూరిటీ ఆయన కర్రతో పట్టుకెళ్లి బయట చూసి, రక్తపింజరి అని తేల్చాడు.

మొదటిసారి గొట్టం వంచితే రక్తం చింతపండు చారులా జారిపోయింది. పాము విషానికి మన దేశంలో దొరికే మందు ఒకటే. నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరులు, నాలుగింటికీ కలిపి గుర్రాల రక్తం నుంచి తీస్తారు. పది వయల్స్ కలిపి ఎక్కించాం. మళ్లీ ఆరు గంటల తర్వాత అదే పరీక్ష.

తెల్లవారుజామున రెండో గొట్టం నింపి కిటికీ అంచున నిలబెట్టాను. రైతు భార్య అక్కడే కింద కూర్చుని ఉంది. ముట్టుకోకూడదు, కదిలిస్తే పాడైపోతుందని చెప్పబోతే మధ్యలోనే అందుకుంది.

"తోడెట్టిన గిన్నె కదపకూడదు గదా. నాకు తెలవదా?"

అయిదేళ్ల ఎంబీబీఎస్‌లో ఆ పరీక్ష గురించి అంత సుళువుగా నాకెవరూ చెప్పలేదు. ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని అటు వస్తే కోప్పడింది. మేనల్లుడు వంగి చూడబోతే వీపు మీద ఒకటి వేసింది. నాకింక కాపలా పని కూడా మిగల్లేదు. గేటు బయట బండి మీంచి టీ తెప్పించుకుని, అల్లం ఘాటుకి కళ్లు తెరుచుకుంటుంటే, ఆ ఇరవై నిమిషాలూ కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. బయట కాకులు లేచాయి. పాలకడలిలో ఇంత సుఖం ఉంటుందా అని కాసేపు అనుమానం కూడా వచ్చింది.

టైము అయింది. గొట్టం తీసి మెల్లగా వంచాను. జారలేదు. ఇంకొంచెం వంచాను. అడుగున పట్టుకుని కూర్చుంది.

ఆవిడ లేచి నిలబడి, గొట్టం వైపు చూసి, నా మొహం వైపు చూసి, "తోడుకుంది" అంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "ఎల్లి డాక్టరుగారికి చెప్పిరా సిస్టరమ్మా, పాపం రాత్రంతా ఆ బాబు ఎంత కంగారు పడ్డాడో" అంది.

వెళ్లి చెప్పాను. సారు ఇంకా స్టూలు పక్కనే నిద్రపోతున్నాడు.