వాన తరఫున వకాల్తా

విజయవాడలోని ఒక అపార్ట్‌మెంటు నివాసుల సంఘంవారు ఈ వేసవిలో కొండవీడు కొండ దిగువన ఒక ప్రైవేటు తోటలో పెట్టుకున్న డేరాల విహారం వానపాలై సర్వనాశనమైందని సర్వసభ్య సమావేశం జరిపి తీర్మానించారు. ఆ తీర్మానంలో సదరు వానను అకాలమనీ, అనూహ్యమనీ, అమానుషమనీ నిందించి, కట్టిన రుసుము మొత్తం వాపసు ఇవ్వవలసిందిగా నిర్వాహకులకు నోటీసు పంపారు. రెండవ పక్షం వాదన వినకుండా తీర్పు చెప్పడం సహజ న్యాయానికి విరుద్ధమని కోర్టు గుమాస్తాకు కూడా తెలుసు. వానకు నోటీసు అందజేయడానికి స్థిరమైన చిరునామా లేదు. వకీలును పెట్టుకునే స్తోమత అంతకంటే లేదు. అదే భవనంలో నివసిస్తూ, ఆ విహారానికి డబ్బు కట్టక, తత్ఫలితంగా తడవక, ఇరుపక్షాలకూ సమదూరంలో మిగిలిపోయినవాడిని కాబట్టి ఈ వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను. నిందల్లో చివరిదాన్ని నా కక్షిదారు మొదటే ఒప్పుకుంటోంది. వాన అమానుషమే, అది మనిషి కాదు. వాదనంతా మిగిలిన రెండింటి మీదనే.

మే నెలలో వాన పడడం అకాలమని ఫిర్యాదిదారుల అభియోగం. సముద్రానికి నూరు కిలోమీటర్లయినా దూరం లేని ఊళ్లో పుట్టి పెరిగి, జీవితమంతా ఉక్కపోతను తిట్టుకుంటూ గడిపినవారు ఆ ఉక్కపోత ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కసారైనా విచారించినట్లు లేదు. 1990లో కృష్ణా, గుంటూరు జిల్లాలను కుదిపేసిన పెనుతుపాను వచ్చింది మే నెలలోనే. 2010లో లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది మే 20వ తేదీన. తుపానుల సంగతి అటుంచినా, ఎండకు నేల పెనంలా కాగిన మధ్యాహ్నాల్లో బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి వేడెక్కి పైకి లేచి, పది కిలోమీటర్లు దాటిన ఎత్తు వరకూ క్యుములోనింబస్ మేఘాలుగా పేరుకుని, సాయంత్రానికి ఉరుములతో విరుచుకుపడడం ఈ ప్రాంతంలో ఏటా జరిగే వ్యవహారమే. నూజివీడు మామిడి రైతును అడిగితే ఏ గాలికి ఎన్ని కాయలు రాలాయో చెబుతాడు. మా భవనం సెల్లారులో ఉగాదినాడు జరిగిన పంచాంగ శ్రవణంలోనూ మేఘాధిపతి ఎవరో, ఈ ఏడు ఎన్ని కుంచాల వానో పంతులుగారు గొంతెత్తి చదివారు. ఆ సమయానికి సభ్యులందరూ పులిహోర వరసలో నిలబడి ఉన్నారన్నది నా కక్షిదారు తప్పు కాదు. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నది పాత లెక్క. రాయితీ చూసి ఎత్తర డేరా అన్నది మా సంఘం లెక్క.

ఇక అనూహ్యం. ఈ మాట వ్రాసిన చేతికి ఆ రోజు ఉదయం నుంచి ఎన్ని హెచ్చరికలు అందాయో చూడండి. అమరావతి వాతావరణ కేంద్రంవారు తమకు అలవాటైన నిదానపు భాషలో, ఉరుములు మెరుపులతో కూడిన వర్షాలు ఒకటి రెండు చోట్ల కురిసే అవకాశం ఉందని, గంటకు నలభై యాభై కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీస్తాయని ప్రకటించారు. వాతావరణ శాఖ లెక్కలో ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలోని నాలుగో వంతు కేంద్రాల వరకూ వాన నమోదు కావచ్చునని అర్థం. మా సంఘంవారి లెక్కలో ఆ ఒకటి రెండు చోట్లూ ఎప్పుడూ పక్క మండలంలోనే ఉంటాయి. విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి పిడుగుల గురించి, చెట్ల కింద నిలబడవద్దని, తెలుగులో, అందరి ఫోన్లకూ సందేశం వచ్చింది. దాన్ని బ్యాంకు అప్పు ప్రకటనలతో పాటు తుడిచివేశారు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అంటూ నాలుగు రంగుల్లో ప్రభుత్వం హెచ్చరికలు ఇస్తుంటే, ఎరుపు రానంతవరకూ మిగిలినవన్నీ అలంకారమని నమ్మే జాతి మనది.

ఇవన్నీ యంత్రాల మాటలనుకుందాం. సాయంత్రం నాలుగు గంటలకు తోట కాపలా పెద్దాయన స్వయంగా వచ్చి చెప్పిన మాటకు సాక్షులు ఉన్నారు.

“పడమటేపు మబ్బు నల్లగా లేచిందండి అయ్యగారూ, ఇయ్యాల డేరాలు వెయ్యమాకండి. మోటారు షెడ్డులో పడుకుందురుగాని.”

“ఏం పర్లేదు పెద్దాయనా, ఫోనులో ముప్పై శాతమే చూపిస్తోంది,” అన్నారు మా కార్యదర్శిగారు.

“ఆ ముప్పై మన నెత్తిన పడితే నూరే గదండీ,” అన్నాడాయన.

సంభావ్యతా శాస్త్రాన్ని ఇంత క్లుప్తంగా బోధించిన ఆచార్యుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. మా సంఘంలో ఇంజనీర్లకు కొదువ లేదు. అయినప్పటికీ ముప్పై శాతమంటే వచ్చినవారిలో ముప్పై శాతం మందే తడుస్తారనీ, ఆ ముప్పై శాతమూ పై అంతస్తులవారే అవుతారనీ సభ్యుల్లో ఒక విశ్వాసం బలంగా ఏర్పడి ఉండాలి. లేకపోతే ఆ తర్వాత జరిగినదానికి వేరే వివరణ లేదు.

డేరాల పెట్టె మీద మూడు వేల మిల్లీమీటర్లు అని ముద్రించి ఉంది. ఆ గుడ్డ మీద అంత ఎత్తున నీటిని నిలబెట్టినా ఆ ఒత్తిడికి చెమ్మ లోపలికి దిగదని దాని భావం. అది గుడ్డకు పెట్టిన పరీక్ష తప్ప వానకు వేసిన హద్దు కాదు. మావారు దాన్ని వర్షపాతంగా చదువుకున్నారు. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో ఏడాది పొడవునా కురిసేది వెయ్యి మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ గనుక, మూడేళ్ల వాన ఒక్క రాత్రి కురిసినా తమకు ఢోకా లేదని కోశాధికారిగారు లెక్కకట్టి పిల్లలకు వివరించారు కూడా. లెక్క తప్పైనా గుడ్డ మంచిదే. కానీ నక్షత్రాలు కనబడాలన్న కోరికతో ఆ పై కప్పును విప్పి, మడతపెట్టి, సంచిలో పెట్టి, సంచిని కారు డిక్కీలో భద్రపరిచారు. డేరాకు మిగిలింది దోమతెర. దోమతెర మూడు వేల మిల్లీమీటర్లు కాదు గదా, మూడు చినుకులనైనా ఆపుతుందని తయారీదారులు ఎక్కడా వాగ్దానం చేయలేదు.

మేకుల కథ మరీ ముచ్చటైనది. ఆ తోట నేల నల్లరేగడి. మే నెలకు అది ఎండి, చెయ్యి దూరేటంత పగుళ్లు విచ్చి ఉంటుంది. డేరాతో వచ్చిన సన్నని మేకులు ఆ పగుళ్లలోకి సుత్తి అవసరం లేకుండా, వేలితో నొక్కితేనే దిగిపోయాయి. ఇంత సులభంగా డేరా వేయవచ్చునని తెలియక ఇన్నేళ్లూ నష్టపోయామని సభ్యులు పరస్పరం అభినందించుకున్నారు. వాన కంటే ముందు గాలి వస్తుంది. మేఘంలో చినుకులు ఆవిరవుతూ చల్లబరచిన గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందికి దిగి నేల మీద నలుమూలలకూ పరుగెత్తుతుంది. దానికి ముందు రెండు నిమిషాలు హాయిగా, చల్లగా ఉంటుంది. ఆ రెండు నిమిషాల్లో అందరూ సెల్ఫీలు తీసుకున్నారు. ఆ పై క్షణంలో మేకులు ఎలా దిగాయో అలాగే, వేలు కూడా తగలకుండా, పైకి వచ్చేశాయి. ఒక డేరా లోపల గాలిపరుపుతో సహా లేచి, ఫైబరు కడ్డీలు ఫెళ్ళున విరిగి, దున్నిన పొలంలో కంచె అవతల వాలింది. దాన్ని పట్టుకోవడానికి వెళ్లిన అధ్యక్షులవారి చెప్పులకు అడుగు అడుగుకూ ఒక పొర నల్లమట్టి అంటుకుని, పది అడుగులు వేసేసరికి ఆయన ఎత్తు పెరిగి, ఆ తర్వాత చెప్పులు అక్కడే ఉండిపోయి ఆయన మాత్రం ముందుకు వచ్చారు.

ఎగరకుండా నిలిచిన డేరాలకు కింది నుంచి ముప్పు వచ్చింది. నేల మీద పరచిన ప్లాస్టిక్ పట్టా డేరా అంచు దాటి జానెడు బయటికి ఉండిపోయింది. గోడల మీదుగా జారిన నీరు ఆ జానెడు మేర పడి, వెనక్కి పారి, పట్టాకూ డేరా అడుగుకూ మధ్య చేరి, పోవడానికి దారి లేక నిలిచింది. పట్టా అంచును లోపలికి మడవాలన్న సంగతి పెట్టెలో ఇచ్చిన కాగితంలో బొమ్మతో సహా ఉంది. ఆ కాగితాన్ని పొయ్యి రాజేయడానికి వాడారు.

అప్పుడు మెరుపులు మొదలయ్యాయి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లూ ఒక కిలోమీటరు దూరమని బడిలో చదివినవారే అందరూ. ఒక కుర్రవాడు శ్రద్ధగా ఒకటి, రెండు అని లెక్కపెట్టాడు. మూడు అనవలసిన అవసరం రాలేదు. తోట మొత్తం మీద ఎత్తైన చింతచెట్టు ఒకటి ఉంది. పెద్దలందరూ ఏకగ్రీవంగా దాని కిందికి పరుగెత్తారు. మా సంఘం చరిత్రలో ఏకగ్రీవం సాధించిన తీర్మానాలు అరుదు గనుక ఈ సంగతి నమోదు చేయదగినదే. కాపలా పెద్దాయన అరిచి, బతిమాలి, చివరికి భుజం పట్టి లాగి వాళ్లను కార్లలోకి తోశాడు. పిడుగు పడినా ఇనుప గుల్ల మీదుగా నేలకు దిగిపోతుంది గనుక అద్దాలు మూసిన కారు ఆ తోటలో ఉన్నవాటిలో మెరుగైన చోటు. ఆ విధంగా ఏసీ గదుల నుంచి విముక్తి కోరి వెళ్లినవారు ఏసీ కార్లలో తెల్లవార్లూ కూర్చుని ప్రకృతిని అద్దాల లోంచి చూశారు. చింతచెట్టు మీద పిడుగు పడలేదు. ఇది నా కక్షిదారు చూపిన సంయమనమని కోర్టువారు గమనించ ప్రార్థన.

స్థలం విషయంలోనూ ఫిర్యాదిదారులకు మినహాయింపు లేదు. పధ్నాలుగవ శతాబ్దంలో రెడ్డిరాజులు ఆ కొండమీద కోట కట్టి, ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అంటూ చెరువులు ఏర్పరచారు. కొండ నెత్తిన చెరువు తవ్వినవాడు ఏటి నుంచి నీళ్లు మోసుకువచ్చి నింపుదామనుకోలేదు. పైనుంచి పడుతుందనే తవ్వాడు. ఆ చెరువుల గట్టున నిలబడి ఫొటోలు దిగి, కిందికి వచ్చి, ఇక్కడ వాన పడుతుందని ఎవరూ చెప్పలేదని వ్రాయడానికి ఎంతో సాహసం కావాలి. పైగా వీరు ఏ ఊరివారు? 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైన ఊరివారు. బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగితే రోజుల తరబడి మేడల మీద బతికినవారు ఇదే ఊళ్లో ఉన్నారు. ఆ రోజుల మీద వ్యంగ్యం వ్రాయడానికి నాకు చెయ్యి రాదు. అయితే వాన సంగతి మాకేమి తెలుసునని బెజవాడవారు వ్రాతపూర్వకంగా చెప్పడం మాత్రం నమ్మదగినదిగా లేదు.

వెలుపల నిద్రించడంలో ఈ ప్రాంతం వెనుకబడి ఉందని కూడా ఎవరూ అనుకోనక్కరలేదు. గుంటూరు మిర్చి రైతు కోతలయ్యాక రాత్రుళ్లు కల్లంలోనే పడుకుంటాడు. పడమర మెరిస్తే లేచి, రాశి మీద బరకం లాగి, అంచుల మీద రాళ్లు పెట్టి, చుట్టూ పారతో కాలువ తీసి, మళ్లీ పడుకుంటాడు. ఆయనకు ఎవరూ రుసుము వసూలు చేసి శిక్షణ ఇవ్వలేదు. కాయ తడిసి తాలైతే యార్డులో ధర ఏమవుతుందో తెలుసు, అంతే. ఆ రాత్రి తోటలో పొడిగా మిగిలినవి కూడా రెండే: కాపలా పెద్దాయన బరకం కట్టుకున్న మంచం, ఆయన బియ్యం డబ్బా. ఆ బియ్యంతోనే ఆయన భార్య అందరికీ అన్నం వండి, ఊరమిరపకాయలు వేయించి, మజ్జిగ పోసింది. కరపత్రంలో చూపిన నిప్పుల మీద కాల్చిన పనీరు అందలేదన్నది ఫిర్యాదులో నాలుగవ అంశం.

కరపత్రం మాట వచ్చింది గనుక దాన్ని సాక్ష్యంగా దాఖలు చేస్తున్నాను. గోడలు లేని చోట, ప్రకృతి ఒడిలో, నక్షత్రాల కింద ఒక రాత్రి అని అందులో ఉంది. గోడలు లేవు. ప్రకృతి వచ్చింది, ఒడి అనడానికి సందేహించనక్కరలేనంత దగ్గరగా వచ్చింది. నక్షత్రాలు మబ్బు వెనుక యథాస్థానంలోనే ఉన్నాయి. నిర్వాహకుల పని అక్కడికి పూర్తయింది. వాపసు అడగవలసి వస్తే, మామూలు రుసుముకే ఇంత ప్రకృతిని సరఫరా చేసినందుకు అదనపు సొమ్ము నిర్వాహకులే అడగాలి. వారు అడగలేదు, వాన వెలిసిన మరునాటి నుంచి వారి ఫోను మోగడం లేదు.

సంఘంవారు జరిగినదాని నుంచి పాఠం నేర్చుకున్నట్లు తీర్మానం చివరి పేరాలో ప్రకటించారు. వచ్చే విహారాన్ని ఎండా వానా రెండూ లేని డిసెంబరు మొదటి వారంలో, బాపట్ల దగ్గరి సూర్యలంక తీరాన, ఇసుకలో డేరాలు వేసి జరుపుకోవాలని నిర్ణయించి, బయానా కూడా చెల్లించారు. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. ఎదుటి పక్షానికి ఆ తేదీ గుర్తు చేయడం వకీలుగా నా బాధ్యత కాదు. ప్రతిపాదించిన తేదీల మీద నా కక్షిదారుకు ఎలాంటి అభ్యంతరమూ లేదని మాత్రం కార్యదర్శిగారికి లిఖితపూర్వకంగా తెలియజేశాను.