కోళ్లగూటిలోని ఎల్‌ఈడీ బల్బు గారికి

మహారాజశ్రీ తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు గారికి,

ఉభయకుశలోపరి. అనంతపురంలోని మా పెరటి గూటిలో తమరు కొలువుదీరిన నాటి నుంచి కోళ్లను చలి బారి నుంచి కాపాడే భారమంతా తమరిదే. పాత గుండు బల్బయితే మింగిన కరెంటులో నూటికి తొంభై పాళ్లు వేడిగానే కక్కేది. తమరు పొదుపరులు. చేయి ఆనించి చూసినా వెచ్చదనం అంతంత మాత్రమే.

తమరి నియామకానికి మూలం అమెరికాలోని మిన్నెసోటాలో ఉన్న మా మేనల్లుడు. పక్కింటివాళ్ల కోళ్లను ఫోనులో చూపించాడు. మోకాలి లోతు మంచు, సున్నాకు 20 డిగ్రీల దిగువన చలి. గడ్డకట్టిన నీళ్లు మార్చడమే అక్కడ పెద్ద చాకిరీ అన్నాడు. గూట్లో తేమ నిలిస్తే కోడి నెత్తిమీది తురాయి చలికి నల్లబడి చచ్చుపడుతుందని, అందుకే గూటి పైభాగాన గాలి సందులు వదులుతారని, వేడి దీపాలు గడ్డిలో పడి గూళ్లే తగలబడతాయని కూడా చెప్పాడు. మా చిన్నాన్న చెవికి దీపం ఒక్కటే చేరింది.

సాయంత్రానికల్లా తమరు వేలాడారు. పోయిన ఎన్నికల ఫ్లెక్సీ గూటి చుట్టూ బిగిసింది. మా ఊళ్లో డిసెంబరు రాత్రి 16 డిగ్రీలకు దిగితేనే మంకీ క్యాపులు బయటికొస్తాయి కదా! కోడి ఒంటి వేడి మాత్రం 41 డిగ్రీలు. ఈకలు ఉబ్బించుకుని, కాళ్లు పొట్టకింద దాచుకుని హాయిగా కునుకు తీస్తుంది. "ఒళ్లంతా ఈకలున్నదానికి దుప్పటెందుకురా? పొద్దుగూకేముందు నాలుగు జొన్నలెక్కువ వెయ్యి, చాలు" అంది మా అవ్వ. ఆవిడ మిన్నెసోటా చూడలేదు కనుక ఆ మాట చెల్లలేదు.

తెల్లవారి ఫ్లెక్సీ విప్పితే లోపలివైపంతా చెమ్మ. కోళ్ల ఊపిరి, రెట్టల తడి బయటికి పోయే దారిలేక చుక్కలై, నాయకుడి బొమ్మ వెనకనుంచి జారి కింద పరిచిన వేరుశనగ పొట్టును ముద్ద చేస్తాయి. ఘాటుకు మన కళ్లే మండుతాయి, రాత్రంతా అందులో పడుకున్నవాటి సంగతి చెప్పాలా? ఇక తమరి వెలుగుకు తెల్లారిందనుకుని పుంజు అర్ధరాత్రే కూస్తోంది. వీధి వీధంతా లేస్తోంది, చిన్నాన్న తప్ప.

కోడిపిల్లలకైతే వేడి కావాల్సిందే, ఒప్పుకుంటాను. మొదటి వారం 35 డిగ్రీలు, ఆపై వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. మా గూట్లో ఇప్పుడు పిల్లలు లేవు. ఉన్నా అది తమరి వల్ల అయ్యే పని కాదు.

అసలు మా కోళ్ల ప్రాణం మీదికొచ్చేది మే నెలలో. ఎండ నలభై దాటితే, చెమట పట్టని ఆ జీవాలు నోరు తెరిచి రొప్పుతాయి, రెక్కలు ఒంటికి ఎడంగా పట్టుకుని నిలబడతాయి. అప్పుడు తడి గోనెపట్టా కట్టడానికి మా ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. మంచు పడని ఊళ్లో మంచు జాగ్రత్తలకు మాత్రం ఇంటిల్లిపాదీ సిద్ధం.

కనుక తమరిని వీధి వాకిట్లోకి బదిలీ చేస్తున్నాను. ఫ్లెక్సీని వేసవిలో గూటి కప్పుపైన, బొమ్మ ఆకాశం వైపు ఉండేలా పరుస్తాను. అందరినీ చల్లగా చూసుకుంటానని ఆయన దాని మీద రాయించుకున్నారు మరి.

ఇట్లు,
పెరటి కిటికీ పక్కన పడుకునే ఇంటివాడు