బండి ఉంది, లోడు ఉంది, డ్రైవరే లేడు

రెండు పల్లెటూళ్ళ మధ్య సన్నటి రోడ్డు. అర్ధరాత్రి దాటాక ఎప్పుడో ఓ ట్రక్కు ఆగింది. తెల్లారాక అటుగా పోయేవాళ్ళు చూస్తే బండి పక్కకి కూడా తీయలేదు, సగం రోడ్డు మీదే ఉంది, ఇంజను ఆఫ్. లోడు లోడులాగే ఉంది. ఫోను సీటు మీద, పర్సు డ్యాష్‌బోర్డు మీద. కాస్త దూరంలో రోడ్డు వార గుంటలో కోటు. డ్రైవర్ మాత్రం లేడు. ఇది ఫలానా కేసు అని చెప్పట్లేదు, ఇలాంటివి నాలుగైదు చదివితే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి, ఊరు మారుతుంది, లోడు మారుతుంది అంతే.

వార్త వచ్చిన రెండో రోజుకే థియరీలు మొదలు. భార్య మీద అనుమానం మొదటిది, అదెప్పుడూ మొదటిదే. తర్వాత ఇన్సూరెన్సు, తర్వాత అప్పులు, తర్వాత ఇంకెవరితోనో వెళ్ళిపోయాడని. ఊహ కాస్త ఎక్కువున్నవాళ్ళు డ్రగ్స్ ముఠా దాకా వెళ్తారు, రాత్రిపూట చూడకూడనిదేదో చూశాడు అందుకే లేపేశారు అని. నేనేదో వీటన్నిటికీ అతీతుణ్ణని కాదు, నేనూ రాత్రి రెండింటి దాకా మ్యాపు జూమ్ చేసుకుంటూ కూర్చున్న బాపతే. కానీ ఇన్ని చదివాక ఒకటి గట్టిగా అనిపిస్తోంది, ఊహించడం తప్పు కాదు, మనం ఎక్కణ్ణుంచి మొదలుపెడుతున్నామో అది తప్పు. మనం ఆ మనిషి సంసారంలోంచి మొదలుపెడతాం, ఎవరితో పడదు, ఎంత బాకీ అని. మొదలుపెట్టాల్సింది బండి దగ్గర. ఏం పోయింది, ఏం మిగిలింది.

ట్రక్కు డ్రైవర్లని చంపే ముఠాలు లేవా అంటే ఎందుకు లేవు. 2008లో ఒంగోలు దగ్గర హైవే మీద మున్నా గ్యాంగ్ చేసింది అదే కదా, ఆర్టీఏ ఆఫీసర్లమని చెప్పి లారీ ఆపడం, డ్రైవర్‌నీ క్లీనర్‌నీ చంపి పూడ్చేయడం, ఇనుము లోడు అమ్ముకోవడం, లారీని ముక్కలు చేసి తుక్కు కింద తోసేయడం. 2021 మేలో ఒంగోలు కోర్టు అందులో 12 మందికి ఉరిశిక్ష వేసింది. 2018లో భోపాల్ దగ్గర దొరికినవాడు పగలంతా కుట్టుమిషను ముందు కూర్చునే టైలరు, డ్రైవర్లతో మాట కలిపి మత్తు మందు పెట్టి చంపేవాడు, 33 హత్యలు ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పారు. రెండింట్లోనూ గమనించాల్సింది ఒకటే, వాళ్ళకి కావాల్సింది డ్రైవర్ కాదు, లారీ. డ్రైవర్ అడ్డం కాబట్టి చంపారు. అక్కడ మనిషితో పాటు బండీ మాయం, లోడూ మాయం. మరి బండి రోడ్డు మీద వదిలేసి, లోడు ముట్టుకోకుండా, పర్సు కూడా తీసుకోకుండా మనిషిని మాత్రం ఎత్తుకుపోయిన దొంగ ఎవడు? వాడికేం గిట్టింది?

పగ అయ్యుండొచ్చుగా అంటారు. అయ్యుండొచ్చు, కాదనను. కాకపోతే ప్రతి థియరీకీ ఒక ఖర్చు ఉంటుంది, అది ఎవరూ లెక్కెయ్యరు. పగ అంటే రెండో బండి కావాలి, ఆ టైముకి ఆ రోడ్డులో వస్తాడని ముందే తెలియాలి, కదిలే ట్రక్కుని ఆపించాలి, అలవాటుగా బరువులెత్తే మనిషిని గొడవ గుర్తు లేకుండా దింపాలి, తీసుకెళ్ళాలి, ఆ తర్వాత ఇంతమందిలో ఒక్కడూ నోరు జారకూడదు. ఇన్ని కావాలి. తనంతట తానే వెళ్ళిపోయాడన్న థియరీకీ ఖర్చు ఉంది, పారిపోదామనుకున్నవాడు ఫోను వదిలేస్తాడు, అది అర్థమవుతుంది, డబ్బున్న పర్సు ఎందుకు వదిలేస్తాడు, అదీ ఏ బస్సూ రాని రోడ్డు మధ్యలో దిగి? దేనికి తక్కువ ఖర్చవుతుందో దాన్ని ముందు చూడాలి. అన్నిటికంటే చౌక థియరీ ఒకటుంది, దాన్ని ఎవరూ షేర్ చెయ్యరు, ఎందుకంటే అందులో విలన్ లేడు. మనిషి ఒంట్లోనో బుర్రలోనో ఏదో తేడా చేసి బండి దిగి నడిచాడు, ఎక్కడో దగ్గర్లోనే పడిపోయాడు.

కోటు సంగతే తీసుకోండి. చలికాలంలో, గడ్డకట్టే రాత్రి, కోటు విప్పి పడేశాడంటే అందరూ పెనుగులాట అంటారు, లేదా ఎవరో కావాలని అక్కడ పెట్టారంటారు. చలికి చచ్చిపోయేవాళ్ళు బట్టలు విప్పుకుంటారన్నది వినడానికి అబద్ధంలా ఉంటుంది గానీ ఫోరెన్సిక్ డాక్టర్లకి కొత్త కాదు. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందకి దిగితే హైపోథెర్మియా మొదలైనట్టు, ఇంకా దిగుతూ పోతే చర్మం దగ్గరి రక్తనాళాల్ని బిగబట్టి ఉంచిన కండరాలు అలిసిపోయి వదిలేస్తాయి, లోపలి వెచ్చటి రక్తం ఒక్కసారి చర్మంలోకి వస్తుంది, ఆ మనిషికి ఒళ్ళు మండిపోతున్నట్టు ఉంటుంది, అప్పటికే బుర్ర సరిగా పనిచెయ్యట్లేదు, విప్పేస్తాడు. ఇది అంతా నిరూపణ అయిన లెక్కేం కాదు, ఎక్కువమంది చెప్పే వివరణ ఇది. ఆ తర్వాత ఇంకోటి కూడా జరుగుతుంది, చివరి దశలో మనిషి ఇరుకు సందుల్లోకి, పొదల కిందకి, గట్ల చాటుకి పాక్కుంటూ దూరిపోతాడు, జంతువు బొరియలోకి పోయినట్టు. జర్మనీ ఫోరెన్సిక్ వాళ్ళు 1995లో దీని మీద రాశారు. ఇప్పుడు ఈ రెండూ కలిపి చూడండి, ఒకచోట బట్టలు, ఇంకోచోట ఎవరికీ కనబడని మూలలో మనిషి. బయటివాడి కంటికి అది అచ్చం దాచిపెట్టిన శవంలా ఉంటుంది.

చలి లేని దేశాల్లో వేడి ఉంది. వడదెబ్బలో ఒంటి వేడి 40 డిగ్రీలు దాటాక మనిషి పొంతన లేని మాటలు మాట్లాడతాడు, ఎటో నడుస్తాడు, నీళ్ళ బాటిలు పక్కనే ఉన్నా పట్టించుకోడు.

అసలు బండి ఎందుకు దిగాడన్నది మాత్రం నిజంగానే కష్టమైన ప్రశ్న. దీనికి నిద్రే సగం జవాబని నేననుకుంటున్నా. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాడితో సమానమని పరిశోధనల్లో తేలింది, చాలా దేశాల్లో ఆ 0.05 దగ్గరే డ్రంకెన్ డ్రైవ్ కేసు అవుతుంది. 24 గంటలైతే 0.10 దాకా పోతుంది. ఆ నిద్రని ఆపడానికి కొందరు వేసుకునేవి ఉంటాయి చూశారూ, అసలు ప్రమాదం అక్కడ. థాయిలాండులో యాబా అనే మెథాంఫెటమిన్ బిళ్ళ లారీ డ్రైవర్ల మధ్య పాకింది సరదా కోసం కాదు, ట్రిప్పు పూర్తి చేయడం కోసం. రెండ్రోజులు నిద్ర లేకుండా అలాంటిది పడితే ఎవరో వెంటాడుతున్నారని భ్రమ పుడుతుంది, అద్దంలో కనబడే ప్రతి హెడ్‌లైటూ తనకోసమే వస్తోందనిపిస్తుంది, బండి ఆపేసి చీకట్లో పొలాల్లోకి పరిగెత్తినవాడికి ఆ క్షణంలో అది పూర్తిగా సరైన పనే. డ్రగ్స్ అనగానే మళ్ళీ చెడ్డవాడు అని ముద్ర వెయ్యక్కర్లేదు, ఇన్సులిన్ తీసుకునేవాడికి షుగర్ ఒక్కసారి పడిపోయినా, తలలో చిన్న రక్తం గడ్డ అడ్డం పడినా బయటికి కనబడేది ఇంచుమించు ఇదే, అయోమయం, ఎటో నడిచిపోవడం.

ఇది చెప్పగానే వెంటనే వచ్చే మాట, "చుట్టుపక్కల అంతా వెతికేశారు కదా, డ్రోన్లు, కుక్కలు, వందల మంది, అక్కడుంటే దొరికేవాడు కదా". ఈ ఒక్క వాక్యం చేసినంత చెరుపు ఇంకేదీ చెయ్యలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సబ్‌మెరైన్లని పట్టుకోవడం కోసం అమెరికా నేవీ దగ్గర బెర్నార్డ్ కూప్‌మన్ అనే గణితం ఆయన ఒక పద్ధతి తయారుచేశాడు, వెతికాం అంటే చాలదు, ఉన్నదాన్ని కనిపెట్టే అవకాశం ఎంత అన్నది కూడా లెక్కెయ్యాలని. ఉదాహరణకి మనిషి ఆ పొలాల్లోనే ఉండడానికి 80 శాతం అవకాశం అనుకుందాం, వెతికినవాళ్ళు అక్కడ ఉన్న మనిషిని పట్టుకునే అవకాశం 70 శాతం. వెతికారు, దొరకలేదు. ఇప్పుడు అవకాశం సున్నా అయిపోయిందా? లెక్క కడితే ఇంకా 54 శాతం పైన అక్కడే ఉన్నట్టు వస్తుంది. అంటే మళ్ళీ మొదట్నుంచీ అదే పొలం వెతకాలి, కానీ పోలీసులు ఆ పాటికి మ్యాపులో అది టిక్ కొట్టేసి పక్క జిల్లాకి పోయుంటారు. పైగా ఆ 70 కూడా ఎండిపోయిన చేలో, ఆరడుగులు దాటిన మొక్కజొన్నలో, అడుగు లోతు గడ్డి ఉన్న కాలవలో రాదు. థర్మల్ కెమెరా వెచ్చగా ఉన్నదాన్నే చూస్తుంది, శరీరం చల్లబడిపోయాక డ్రోను పైనుంచి వందసార్లు తిరిగినా అది రాయీ రప్పతో సమానం. ఇక వాలంటీర్లు, పాపం మంచి మనసుతో వస్తారు, కానీ చేతులు పట్టుకుని వరసగా నడవమంటే పది నిమిషాలకి వరస వంకర పోతుంది, గుంటలు తప్పించుకుని నడుస్తారు, మనిషి ఉంటే గింటే ఉండేది ఆ గుంటల్లోనే. చివరికి చాలాసార్లు దొరికేది ఎవరికి? కోతలప్పుడు రైతుకి. అదీ బండి ఆగిన చోటి నుంచి చూస్తే కనబడేంత దూరంలో. అప్పుడు మళ్ళీ కొత్త థియరీ, ఎవరో తెచ్చి తర్వాత పడేశారని.

ఈ రోజుల్లో ట్రక్కు ఎక్కడుందో సెకను సెకనూ తెలుస్తుంది కదా అన్నది ఇంకో అపోహ. అమెరికాలోనే చూడండి, డ్రైవర్ పది గంటల రెస్టు తర్వాత 11 గంటలకి మించి నడపకూడదని రూలు, అది చూసుకోవడానికి 2017 డిసెంబరు నుంచి బండిలో ఎలక్ట్రానిక్ లాగింగ్ పెట్టెలు పెట్టించారు. కానీ పంటలు, పశువులు మోసే బండ్లకి బయల్దేరిన చోటి నుంచి 150 ఎయిర్ మైళ్ళ లోపల, అంటే దాదాపు 278 కిలోమీటర్ల లోపల ఈ గంటల రూలే వర్తించదు. అంటే సరిగ్గా పల్లెటూరి డ్రైవర్ దగ్గరే వల చిరిగిపోయి ఉంది, ఎంతసేపట్నుంచి మేలుకుని ఉన్నాడో రాసిపెట్టిన కాగితం కూడా ఉండదు. సెల్ టవరు సంగతీ అంతే, సిటీలో టవరు రెండు వీధులు చూపిస్తే పల్లెల్లో ఒక్క టవరే ఎన్నో కిలోమీటర్లు కాస్తుంది, 2జీ ఫోన్లు వాడే జీఎస్ఎమ్ పద్ధతిలో మామూలు హద్దు 35 కిలోమీటర్లు. "ఫోను ఫలానా ఊరి టవరులో పలికింది" అన్న ఒక్క ముక్క పట్టుకుని ఆ ఊళ్ళో ఎవడో అమాయకుడి ఇంటి ఫోటో పెట్టేసినవాళ్ళని చూశాం.

ఇదంతా ఇంటర్నెట్ వచ్చాక పట్టిన జబ్బు అనుకుంటే అదీ కాదు. 1926 డిసెంబరులో ఇంగ్లండులో డిటెక్టివ్ కథల రచయిత్రి అగాథా క్రిస్టీ మాయమైంది. కారు రోడ్డు దిగి ఓ పొదకి ఆనుకుని ఆగి ఉంది, లోపల ఫర్ కోటు, డ్రైవింగ్ లైసెన్సు. చలికాలం, కోటు వదిలేసి వెళ్ళింది! దేశం దేశమే ఊగిపోయింది, మొగుడే చంపేశాడన్నారు, చెరువులు వెతికారు, విమానాలు తిప్పారు, పుస్తకాల అమ్మకాల కోసం చేసిన స్టంటు అన్నారు, ఆమెకంటే పెద్ద పేరున్న ఇంకో డిటెక్టివ్ కథల రచయిత, షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్ అయితే ఆవిడ గ్లవ్ ఒకటి పట్టుకెళ్ళి ఆత్మలతో మాట్లాడేవాడి చేతిలో పెట్టాడు. 11 రోజులకి ఆవిడ వేరే పేరుతో ఒక హోటల్లో కనబడింది. ఎందుకెళ్ళిందన్నది ఇప్పటికీ తేలలేదు, కానీ ఆ 11 రోజులూ మొగుణ్ణి హంతకుడిగా చూసిన చూపు మాత్రం తేలిపోయినదాని లెక్కే. నా వాదనకి ఇది కాస్త ఎదురుదెబ్బ కూడా, ఒప్పుకుంటా, ఆవిడ దగ్గర్లో పడిపోలేదు, నిజంగానే వెళ్ళిపోయింది. తక్కువ ఖర్చు థియరీ ప్రతిసారీ గెలవదు. కాకపోతే విలన్ మాత్రం అక్కడా లేడు.

పోలీసుల మీద అనుమానపడేవాళ్ళని నేను తప్పు పట్టను, పెద్దవాడు కదా వాడే వస్తాడులే అని మొదటి రోజు వదిలేయడం అన్ని దేశాల్లోనూ ఉంది, చలి కేసుల్లో ఆ మొదటి కొన్ని గంటలే ప్రాణం. ఆ అలసత్వం గురించి అడగాలి, ఎన్ని గంటలకి ఫోన్ వచ్చింది, ఎన్ని గంటలకి కుక్కల్ని దింపారు, ఏ పొలం ఎన్నిసార్లు చూశారు, ఎవరి పొలంలోకి పర్మిషన్ లేక వెళ్ళలేదు. ఇవి బోరు ప్రశ్నలు, వీటికి వ్యూస్ రావు. భార్య ప్రెస్ ముందు ఏడవలేదని వీడియో చేస్తే వస్తాయి. ఏడిస్తే నటన అంటారు, ఏడవకపోతే ముందే తెలుసంటారు, ఇంక ఆవిడ చెయ్యగలిగింది ఏముంది?

పాలీన్ బాస్ అనే అమెరికన్ ప్రొఫెసరు వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన పైలట్ల కుటుంబాలని చూసి దీనికో పేరు పెట్టారు, అంబిగ్యుయస్ లాస్ అని, పోయాడని ఏడవడానికి లేదు, ఉన్నాడని ఉండడానికి లేదు. చట్టం కూడా ఇంచుమించు అదే స్థితిలో పెడుతుంది. మన దగ్గర 1872 ఎవిడెన్స్ యాక్టు 108 సెక్షను, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 111, తెలిసినవాళ్ళకెవరికీ ఏడేళ్ళపాటు కబురు లేకపోతేనే చనిపోయాడనుకోవచ్చంటుంది. అప్పటిదాకా డ్రైవర్ ఇంటావిడ భార్యా కాదు, వితంతువూ కాదు. ట్రక్కు అతని పేరు మీద ఉంటే అమ్మడానికి సంతకం పెట్టేవాడు లేడు, డెత్ సర్టిఫికెట్ లేనిదే ఇన్సూరెన్సు వాళ్ళు ఫైలు ముట్టుకోరు, ఆ ఇన్సూరెన్సు కోసమే చంపించిందని మనం రాస్తుంటాం. ఫైనాన్స్ కంపెనీ మాత్రం ఏడేళ్ళు ఆగదు, వచ్చే నెల అయిదో తారీఖున కిస్తీ అడుగుతుంది.