టార్గెట్‌కు గడువుంటే క్లెయిమ్‌కు ఉండదా?

తెనాలిలో మా బాబాయికి సబ్బులు, పేస్టులు, బిస్కెట్ల ఏజెన్సీ ఉంది. అంటే కంపెనీ సరుకు కొని కిరాణా కొట్లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఆయన. కంపెనీ ఇచ్చిన యాప్ ఆయన ఫోన్‌లో తెల్లారకముందే మోగుతుంది. ఏ సేల్స్‌మ్యాన్ ఏ వీధిలో ఉన్నాడో, నెల టార్గెట్‌కు ఇంకా ఎంత తక్కువ పడిందో అన్నీ అందులో కనబడతాయి. అదే యాప్‌లో, కంపెనీ నుంచి రావాల్సిన డబ్బు అడిగే క్లెయిమ్‌ల పేజీ తెరిస్తే ఏడు ఎంట్రీలు, ఏడింటి పక్కనా ఒకటే మాట: 'ప్రాసెస్‌లో ఉంది'. ఎవరి దగ్గర ఆగిందో, ఎప్పటికి తేలుతుందో ఉండదు. అందుకే గోడౌన్‌లో ఆయన ఇప్పటికీ ఒక నోట్‌బుక్ పెట్టుకుని డ్యామేజీలు, ఎక్స్‌పైరీలు, స్కీమ్ తేడాలు పెన్నుతో రాసుకుంటున్నారు. మొదటి పేజీలో ఉన్నది సంక్రాంతి స్కీమ్ తాలూకు బాకీ.

డిస్ట్రిబ్యూటర్లకు టెక్నాలజీ ఇచ్చామని కంపెనీలు గొప్పగా చెప్పుకుంటున్నాయి. కానీ సరుకు కొనేది డిస్ట్రిబ్యూటర్ డబ్బుతో. కిరాణా కొట్టుకు అరువిచ్చేదీ ఆయనే. 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అని కంపెనీ ప్రకటిస్తే, ఆ ఉచితాన్ని ముందు తన జేబులోంచి ఇచ్చేదీ ఆయనే. ఆ డబ్బు వెనక్కి రావడమే క్లెయిమ్. పలచటి మార్జిన్ మీద బతికే వ్యాపారంలో అది నెలల తరబడి ఆగితే, వచ్చిన లాభం వడ్డీకే సరిపోతుంది.

సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గిస్తున్నట్టు 2025 సెప్టెంబర్ 3న ప్రకటించారు. 22 నుంచి కొత్త రేటు. గోడౌన్ నిండా పాత పన్ను కట్టి కొన్న సరుకు. ఆ 19 రోజులూ బాబాయి పడ్డ టెన్షన్ నేను చూశాను. రాత్రిళ్లు పెట్టెలు లెక్కపెట్టి, ఎక్సెల్ షీట్ నింపి కంపెనీకి మెయిల్ చేశారు. ఏ పెట్టె ఎక్కడుందో కంపెనీ సర్వర్‌కు ముందే తెలుసు కదా! ధర తగ్గినందుకు ఆ పెట్టె మీద డిస్ట్రిబ్యూటర్‌కు ఎంత రావాలో లెక్కగట్టి, ఆ మొత్తాన్ని ఆయన ఖాతాలో జమ చూపే క్రెడిట్ నోట్ వేయడం దానికి పెద్ద పనేం కాదు. ఆ పని చేయమని సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ చెప్పలేదు, అంతే.

దొంగ క్లెయిములు పెట్టేవాళ్లూ ఉంటారు, తనిఖీ తప్పదని కంపెనీలు అంటాయి. నిజమే. బిల్లు, బ్యాచ్ నంబరు, ఫొటో అప్‌లోడ్ చేశాక ఆ తనిఖీకి నెలలెందుకు?

2022 జనవరిలో మహారాష్ట్ర డిస్ట్రిబ్యూటర్లు కోల్గేట్ సరుకు పంపిణీ ఆపేశారు. కొట్లకు ఆన్‌లైన్‌లో టోకున సరుకు అమ్మే జియోమార్ట్, ఉడాన్ లాంటి సంస్థలకు తమకన్నా తక్కువ ధరకు ఇస్తున్నారన్నది వాళ్ల ఫిర్యాదు. ధర తేడా అందరి కళ్లకూ కనబడుతుంది, అందుకే ఒక్కటై కదిలారు. క్లెయిమ్ బాకీ పక్క ఊరి ఏజెన్సీకి కూడా తెలియదు. ఎవరి నష్టం వాళ్లు దిగమింగుకుంటున్నారు.

చట్టం కూడా వీళ్లను వదిలేసింది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం ఆటోనగర్‌లో బోల్టులు చేసే చిన్న షెడ్డుకు సరుకు కొన్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. 2021 జులైలో టోకు, చిల్లర వ్యాపారులను కూడా ఎంఎస్ఎంఈల్లో చేర్చారు కానీ, అది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం వరకే. 45 రోజుల రక్షణ వాళ్లకు దక్కలేదు. కొట్టు నడిపేవాడి బాకీ బాకీ కాదా?

ఆ రక్షణ వ్యాపారులకూ ఇవ్వాలి. క్లెయిమ్ పెట్టిన రోజు నుంచే యాప్‌లో రోజులు లెక్కపడాలి, ఎవరి టేబుల్ మీద ఆగిందో పేరుతో సహా కనబడాలి. అదీ తెలుగులో. పది రూపాయలు పడినా కిరాణా కొట్టులో సౌండ్‌బాక్స్ తెలుగులో చెబుతోంది. లక్షల సరుకు తిప్పే ఏజెన్సీకి తన డబ్బు ఎక్కడుందో ఆపాటి చెప్పలేరా?