"ప్లే స్టోర్‌లో వేసేయడమే మిగిలింది" అనే మాట గురించి

పోయిన ఆదివారం పొద్దున తిరుపతి బాలాజీ కాలనీలో టీ తాగుతుండగా తెలిసిన కుర్రవాడొకడు ఫోన్ చేసి, "అన్నా, పన్నెండు మంది టెస్టర్లను డబ్బుకు ఇప్పించేవాళ్ళు ఉన్నారంట, నంబరు ఏమన్నా ఉందా?" అని అడిగాడు. కొత్త యాప్‌ను విడుదలకు ముందు వాడి చూసేవాళ్ళే ఈ టెస్టర్లు, వాళ్ళ సంగతి తర్వాత చెబుతాను. కుర్రవాడు ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాడు. హాస్టల్ మెస్ లెక్కలు చూసుకునే యాప్ ఒకటి నాలుగు నెలలు కూర్చుని రాశాడు, చక్కగానే రాశాడు. "యాప్ అయిపోయిందన్నా, ప్లే స్టోర్‌లో వేసేయడమే మిగిలింది" అన్నాడు. ఈ 'వేసేయడమే' అన్న మాట మీద నాకు చాలా కోపం ఉంది. అందులో సగం నా మీద నాకున్న కోపమే, ఎందుకంటే ఈ వేసవి మొదట్లో ఇదే మాట నేను మా మామయ్యతో అన్నాను, అన్న తర్వాత నలభై రోజులు దాటితే గానీ ఆ యాప్ స్టోర్‌లో కనిపించలేదు.

మామయ్యకు దామలచెరువు వైపు నాలుగెకరాల తోతాపురి తోట ఉంది. కాయ కోసి, ట్రాక్టరుకెత్తి మండీకో గుజ్జు ఫ్యాక్టరీకో తోలితే, కాటా మీద లోడు తూకం ఒకటి, దించిన తర్వాత ఖాళీ బండి తూకం ఒకటి వేసి చేతికొక చీటీ ఇస్తారు. డబ్బు ఎప్పుడో తర్వాత వస్తుంది కాబట్టి అప్పటిదాకా రైతు దగ్గరుండే ఆధారం ఆ చీటీ ఒక్కటే. 2025లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు అందాలని నిర్ణయించినప్పుడు, ఆ కాగితం ముక్క విలువ మా జిల్లాలో అందరికీ తెలిసొచ్చింది. చొక్కా జేబులో చెమటకు తడిసి, అంకెలు అలికిపోయిన చీటీలను మామయ్య మంచం మీద వరసగా పరిచి ఆరబెట్టుకోవడం చూసి, చీటీని ఫొటో తీసి, తూకం రాసుకుని, రావలసిన డబ్బు లెక్క చూపే చిన్న యాప్ ఒకటి రాయాలనుకున్నాను. సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టి, ఏప్రిల్ నెలాఖరుకు పూర్తయిందనుకున్నాను.

మామయ్యకు మాట ఇచ్చిన రాత్రే ప్లే కన్సోల్, అంటే యాప్‌లను ప్లే స్టోర్‌కు పంపే గూగుల్ వెబ్‌సైటు, తెరిచాను. ఖాతాకు ఒక్కసారి కట్టవలసిన 25 డాలర్లు, అంటే రెండు వేల రూపాయల పైచిలుకు, ఎప్పుడో కట్టి ఉన్నాను. యాపిల్‌లో అయితే ఏటా 99 డాలర్లు కట్టాలి, మండీలో నేను చూసిన చేతుల్లో ఒక్క ఐఫోన్ కూడా లేదు కాబట్టి ఆ దారి పోలేదు. యాప్ ఫైలు (బండిల్ అంటారు) ఎక్కించి, ఒక బొమ్మ పెట్టి, నాలుగు స్క్రీన్‌షాట్లు జతచేసి, పడుకునే లోపు ముగించాలనుకున్నవాడిని, అక్కడి ఫారంలో అడిగిన ప్రశ్నల ముందు రాత్రి రెండు గంటల దాకా కూర్చుండిపోయాను.

ప్రశ్నలు అర్థం కానివేమీ కావు, చాలా తేలికైన మాటల్లో ఉంటాయి. మీ యాప్ ఏ సమాచారం సేకరిస్తుంది, ఎందుకు సేకరిస్తుంది, ఎవరికిస్తుంది, అడిగినవాళ్ళకు చెరిపేసే దారి ఉందా? నా దగ్గర జవాబులు లేవు. యాప్ రాసినవాడిని నేనే అయ్యుండి, అది ఏం సేకరిస్తుందో నాకే పూర్తిగా తెలియదు. ఎవరో చెప్పారని, యాప్‌ను ఎవరెట్లా వాడుతున్నారో లెక్కగట్టే రెడీమేడ్ కోడు, అనలిటిక్స్ లైబ్రరీ ఒకటి కలిపాను, అది ఫోన్‌కు సంబంధించిన గుర్తింపులను తీసుకుంటుందన్న సంగతి దాని పత్రాలు చదివితే తెలిసింది. మనం కలిపిన లైబ్రరీ ఏం తీసుకున్నా అది మన యాప్ తీసుకున్నట్టే లెక్క, ఫారంలో మనమే చెప్పాలి. లొకేషన్ అనుమతి ఎందుకు పెట్టానంటే, 'ముందు ముందు పనికొస్తుంది' అని. ఫొటోలన్నింటికీ అనుమతి అడిగాను, నాకు కావలసింది ఒక్క చీటీ ఫొటో. దానికి, ఎంచుకున్న ఫొటోను మాత్రమే యాప్‌కు ఇచ్చే ఫొటో పికర్ ఆండ్రాయిడ్‌లోనే ఉంది, అప్పుడప్పుడు ఒక ఫొటో ఎంచుకోవడానికి గ్యాలరీ అంతా తెరిచి చూపమనే యాప్‌లను ప్లే స్టోర్ నిబంధనలు ఒప్పుకోవు కూడా.

ఆ రాత్రి నేను చేసిన తప్పు పని, ప్రశ్నలన్నింటికీ 'లేదు' అని టిక్కు పెట్టుకుంటూ పోవడం. ప్రైవసీ పాలసీ ఇంకో యాప్ నుంచి ఎత్తి అతికించాను. వారం తర్వాత తీరిగ్గా చదివితే, దామలచెరువు రైతుకూ నాకూ మధ్య తగాదా వస్తే కాలిఫోర్నియా కోర్టులో తేల్చుకోవాలని అందులో ఉంది.

పంపిన యాప్ మొదటి రివ్యూలోనే తిరిగొచ్చింది, కారణం ఓటీపీ. యాప్ తెరవగానే ఫోన్ నంబరు అడిగి, దానికి వచ్చే ఓటీపీ కొడితే గానీ లోపలికి పోనివ్వకుండా కట్టాను, అందరి యాప్‌లూ అట్లాగే ఉంటాయి కదా అని. ఎక్కడో కూర్చుని నా యాప్‌ను పరీక్షించే మనిషికి భారతీయ నంబరు ఉండదు, ఉన్నా లోపలికి పోయే దారి చెప్పవలసినవాడిని నేను. కన్సోల్‌లో దానికోసమే 'యాప్ యాక్సెస్' అని ఒక గడి ఉంది. నేను దాన్ని ఖాళీగా వదిలేశాను. మన వైపు తయారయ్యే యాప్‌లలో చాలావాటికి ఈ దెబ్బ తగులుతుందని తర్వాత తోటివాళ్ళతో మాట్లాడితే తెలిసింది. మందు కష్టమైనదేమీ కాదు: ఒక పరీక్ష నంబరు, దానికి ఎప్పటికీ మారని కోడు ఒకటి పెట్టి, ఆ రెండూ గడిలో రాస్తే సరిపోతుంది.

నేను కూడా అదే చేయబోయి, చేతిలో కాగితం పెట్టుకుని ఆలోచించాను. తన చీటీలు తన ఫోన్లో దాచుకునే మనిషికి లాగిన్ ఎందుకు? ఎవరి నుంచి ఎవరిని కాపాడుతున్నాను? జవాబు దొరకలేదు. ఓటీపీ తీసేశాను. తీసేయగానే ఎన్ని ముడులు విడిపోయాయో చెప్పాలి. నంబరు తీసుకోవడం లేదు కాబట్టి అది ప్రకటించనక్కర లేదు. ఖాతా లేదు కాబట్టి యాప్ లోపలా, వెబ్‌లోనూ ఖాతా తొలగించే దారి పెట్టనక్కర లేదు. ఓటీపీ సందేశాల కోసం, అట్లాంటివి పంపేవాళ్ళు నమోదు కావలసిన టెలికాం వాళ్ళ డీఎల్‌టీ వేదికలో హెడరూ (పంపేవాడి పేరు), టెంప్లేటూ (సందేశం నమూనా) నమోదు చేయించనక్కర లేదు, నెలనెలా మెసేజీల ఖర్చూ లేదు. అనలిటిక్స్ పీకేశాను, లొకేషన్ పీకేశాను. ఫోన్ దాటి బయటికి పోని సమాచారం సేకరణ కిందికి రాదు కాబట్టి, మొదటి రాత్రి నేను అబద్ధంగా పెట్టిన 'లేదు' అన్న టిక్కులే ఇప్పుడు నిజమయ్యాయి. ప్రైవసీ పాలసీ తెలుగులో నేనే రాసుకున్నాను, తొమ్మిది వాక్యాలు వచ్చింది.

నా వాదనంతా ఇక్కడే ఉంది. ఆ ఫారాన్ని మనం గుమాస్తా పని అనుకుంటున్నాం, అది యాప్ రూపకల్పనలో మొదటి పేజీ. జనవరిలో మొదటి లైను రాసే ముందే ఆ ప్రశ్నలు ముందు పెట్టుకుని ఉంటే, ఓటీపీ కోసం నేను పోసిన మూడు వారాల రాత్రుళ్ళు మిగిలేవి. స్టోర్ వాళ్ళు విసిగిస్తున్నారని తిట్టుకునేవాళ్ళను చూస్తే, ఇల్లు కట్టేసిన తర్వాత ప్లాను అడిగారని మున్సిపాలిటీని తిట్టేవాళ్ళు గుర్తొస్తారు.

పేరు దగ్గర ఇంకో తమాషా. ప్లే స్టోర్‌లో యాప్ పేరుకు 30 అక్షరాలే ఇస్తారు. 'మామిడి తూకం చీటీ చిత్తూరు రైతులకు' అని పెట్టబోయాను, కంటికి పద్నాలుగు అక్షరాలు, హాయిగా పడుతుందనుకున్నాను. కంప్యూటర్‌కు మన గుణింతమూ వత్తూ వేరువేరు అక్షరాలు. మనకు మూడక్షరాలైన 'చిత్తూరు' దానికి ఎనిమిది: చకారం, గుడి, తకారం, పొల్లు, మళ్ళీ తకారం, కొమ్ముదీర్ఘం, రకారం, కొమ్ము. ఖాళీలతో కలిపి నా పేరు 33 అయింది. చిత్తూరునూ రైతులనూ తీసేసి 'మామిడి తూకం చీటీ' అని మాత్రం ఉంచాను. ఆ చిత్తూరే స్క్రీన్‌షాట్లలో ఇంకో విధంగా పగ తీర్చుకుంది: ఇంగ్లీషు అక్షరాలకు సరిపడా వరస ఎత్తు పెట్టినందువల్ల తవత్తు కింది సగం తెగిపోయి కనిపించింది. నెలల తరబడి నా ఫోన్లో చూస్తున్నా కంటపడలేదు, స్టోర్ కోసం తీసిన బొమ్మను పెద్దది చేసి చూస్తే కనిపించింది. 512 పిక్సెళ్ళ ఐకాను, 1024 పొడవూ 500 ఎత్తూ ఉన్న బ్యానరు వంటివి ఒక సాయంత్రం పని, వాటి గురించి చెప్పడానికేమీ లేదు. ప్యాకేజీ పేరు, అంటే స్టోర్ ఆ యాప్‌ను గుర్తుపట్టే పేరు, మాత్రం జాగ్రత్త, ఒకసారి ఎక్కించాక దాన్ని మార్చడం ఉండదు. నేను ప్రయోగాల రోజుల్లో చివర 'టెస్ట్2' అని పెట్టినది అట్లాగే ఎక్కించాను, స్టోర్ లింకు పంపిన ప్రతిసారీ అది నన్ను వెక్కిరిస్తూ ఉంటుంది.

ఇక పన్నెండు మంది సంగతి. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు, యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు క్లోజ్డ్ టెస్టింగ్, అంటే మనం ఎంచి చేర్చినవాళ్ళు మాత్రమే వాడి చూడడం, తప్పనిసరి. మొదట ఇరవై మంది అన్నారు, 2024 డిసెంబరులో పన్నెండుకు తగ్గించారు, ఆ పన్నెండు మందీ పద్నాలుగు రోజులు విడవకుండా టెస్టులో ఉండాలి. సంస్థల పేరుతో తీసుకున్న ఖాతాలకు ఈ షరతు లేదు. ఒంటరిగా రాసుకునేవాడికి ఉండి, కంపెనీ బోర్డు ఉన్నవాడికి లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కోతలు ముంచుకొచ్చే రోజుల్లో పద్నాలుగు రోజులంటే తక్కువ కాదు. నేను కూడా ఆ కుర్రవాడిలాగే డబ్బుకు టెస్టర్లనిచ్చే ఒక గుంపును సంప్రదించాను, ధర కూడా మాట్లాడాను. చివరికి మామయ్యకు విషయం చెబితే, "మండీలో వందమంది ఉండారు, నువ్వు డబ్బులిచ్చి ఎవర్నో తెచ్చేదేంది అల్లుడూ?" అన్నాడు.

తెల్లవారుజామునే మండీకి పోయాను. మొదటి అడ్డంకి జీమెయిల్. టెస్టరుగా చేర్చాలంటే ఫోన్లో ఉన్న ఖాతా చిరునామా కావాలి, సగం మందికి అది ఉన్నట్టే తెలియదు, ఎందుకంటే ఫోన్ కొన్న రోజు షాపులో కుర్రవాడు ఏదో పేరుతో తెరిచి ఇచ్చాడు. ఒకాయన ఫోన్లో ఆయన పేరుకు బదులు ఆ షాపు పేరే ఉంది. ఒక్కొక్కరి ఫోన్ తీసుకుని చిరునామా రాసుకుని, లింకు తెరిపించి, 'టెస్టర్ అవ్వండి' నొక్కించడానికి రెండు ఉదయాలు పట్టింది. మధ్యలో ఎవరైనా తప్పుకుంటారేమోనని పదహారు మందిని చేర్చాను.

నాలుగో రోజు ఒక పెద్దాయన ఫోన్ చేసి అడిగిన మాటతో నా యాప్ బతికింది: "అంతా బాగుంది గానీ నాయనా, తరుగు యాడ రాసేది?" లోడు తూకం లోంచి ఖాళీ బండి తూకం తీసేస్తే వచ్చేదే కాయ బరువని నేను లెక్క కట్టాను. దాంట్లోంచి కొనేవాళ్ళు తరుగు కోస్తారనీ, రైతుకు డబ్బు వచ్చేది ఆ కోత తర్వాత మిగిలిన బరువుకేననీ నాకు ఎందుకు తట్టలేదో తెలియదు. నా చిన్నప్పటి నుంచి మా ఇంట్లో వినపడే మాట అది. ఆ గడి లేకుండా నా యాప్ ప్రతి రైతుకూ రావలసిన దానికంటే ఎక్కువ డబ్బు చూపిస్తూ పోయేది. ఇంకొకాయన ఎండలో తెర కనిపించడం లేదన్నాడు. తిరుపతిలో ఫ్యాను కింద కూర్చుని అందంగా ఉందని ఎంచుకున్న లేత బూడిదరంగు అక్షరాలవి. కళ్ళు సరిగా ఆనక ఫోన్లో అక్షరాల సైజు పెంచుకున్నవాళ్ళకు 'భద్రపరచు' బటను సగమే కనిపించింది. 'దాచు' అని మార్చాను, పట్టింది. డబ్బుకు దొరికే పన్నెండు ఖాతాలలో ఒక్కటి కూడా తరుగు గురించి అడిగి ఉండేది కాదు. పద్నాలుగు రోజుల తర్వాత విడుదలకు దరఖాస్తు చేసేటప్పుడు, టెస్టర్లు ఏం చెప్పారు, మీరేం మార్చారు అని అడుగుతారు. కొన్న టెస్టర్లతో ఆ గడిలో ఏం రాస్తారో నాకు అర్థం కాదు. ఆ నియమం పెట్టినవాళ్ళ ఉద్దేశం ఏదైనా కానీ, నేను తిట్టుకుంటూ చేసిన ఆ రెండు వారాలే నాకు అన్నింటికంటే ఎక్కువ పనికొచ్చాయి.

కాలేజీల గురించి ఒక్క మాట. ప్రాజెక్టు వైవాలో ల్యాప్‌టాప్ మీద ఎమ్యులేటర్లో (ఫోన్‌ను అనుకరించే ప్రోగ్రాంలో) యాప్ ఆడిస్తే మార్కులు వేసి పంపుతున్నారు. కొత్త యాప్‌లకు ఏపీకే (ఫోన్లో నేరుగా వేసుకునే పాత తరహా యాప్ ఫైలు) బదులు యాప్ బండిల్ కావాలన్న నిబంధన 2021 ఆగస్టు నుంచే ఉంది, నన్ను కలిసిన చివరి ఏడాది పిల్లల్లో చాలామంది ఇంకా ఏపీకేనే పట్టుకొస్తున్నారు. ఎక్కించేస్తే అయిపోతుందన్నదీ భ్రమే. యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కు తగ్గట్టు ఉండాలో చెప్పే టార్గెట్ ఏపీఐ స్థాయి ఏటా పెరుగుతుంది, 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లూ అప్‌డేట్లూ ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకోవలసి వచ్చింది. పట్టించుకోకుండా వదిలేసిన పాత యాప్ కొంతకాలానికి కొత్త ఫోన్లవాళ్ళకు స్టోర్‌లో కనిపించదు.

ఆ కుర్రవాడికి నంబరు ఇవ్వలేదు. వాళ్ళ హాస్టల్లో ఎంతమంది ఉన్నారని అడిగాను. "మూడు వందల మంది ఉంటారన్నా" అన్నాడు. మెస్ మేనేజరుకు యాప్ చూపించావా అంటే, లేదన్నాడు.

నా యాప్ జూన్ రెండో వారంలో స్టోర్‌లోకి వచ్చింది, అప్పటికి మామయ్య రెండు లోడ్లు తోలేశాడు. మూడో లోడు నుంచి కాటా దగ్గరే ఫొటో తీసి, తరుగు కొట్టి, 'దాచు' నొక్కుతున్నాడు. నొక్కిన తర్వాత చీటీని నాలుగు మడతలు పెట్టి మళ్ళీ చొక్కా జేబులోనే పెట్టుకుంటున్నాడు, ఎందుకు మామా అంటే, "ఉండనీలే" అంటాడు.