సింహాన్ని చూడ్డానికి పొలం అమ్ముకోనక్కర్లేదు

"అన్నా, ఆఫ్రికా సఫారీకి మనిషికి నాలుగున్నర లక్షలంట, నిజమేనా?" అని ఈ నెలలో ఇప్పటికి ముగ్గురు అడిగారు. నిజమే. రెండేళ్ల కిందట నాకూ అదే లెక్క చెప్పారు. ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, విల్డబీస్ట్‌లనే దున్నల్లాంటి జంతువులు మంద మందంతా వలసపోతూ నదిలోకి దూకే వీడియో పెట్టి, "ఇది చూడకపోతే ఆఫ్రికా వెళ్లినా వెళ్లనట్టే సార్" అన్నాడు ఏజెంటు. కెన్యాలోని మసాయి మారా అడవి, 6 రాత్రులు, ఇద్దరికి 9 లక్షలు. కాఫీ బాగుంది. తాగి లేచి వచ్చేశాను.

ఆయన వ్యాపారం ఆయనది. నాకు మండేది మనవాళ్ల వరస చూస్తే. సఫారీ అంటే మారా ఒక్కటే. అందులోనూ జులై నుంచి సెప్టెంబరు లోపే వెళ్లాలి. వెళ్లాక ఆ నది దాటే సీను పడి తీరాలి. ఊరు ఊరంతా ఒకే ముహూర్తానికి పెళ్లిళ్లు పెట్టుకుంటే ఫంక్షన్ హాలు రేటు ఏమవుతుందో తెలియనివాళ్లమా మనం? 2024 నుంచి మారాలో విదేశీయులకి టికెట్టు జనవరి నుంచి జూన్ దాకా రోజుకి 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200. తలకి, రోజుకి. అంటే లోపల కాలు పెట్టడానికే రోజుకి 17 వేల పైమాట. బండి, బస, తిండి అన్నీ వేరే. ఇంతా పెట్టి రేవు దగ్గరికి చేరితే, మీకంటే ముందొచ్చిన బండ్ల వెనక భాగాలు కనిపిస్తాయి.

కెన్యానే కావాలంటే జనవరి, ఫిబ్రవరిలో వెళ్లండి. టికెట్టు సగం, వానలు తక్కువ, మారా సింహాలు ఎక్కడికీ వలస పోవు. నైరోబీ ఊరి అంచునే 117 చదరపు కిలోమీటర్ల నేషనల్ పార్కు ఉంది. ఏనుగులు ఉండవు కానీ సింహాలు, ఖడ్గమృగాలు ఉన్నాయి, వెనకాల ఊళ్లోని మేడలు కనిపిస్తుంటాయి. నైవాషా దగ్గర హెల్స్ గేట్‌లో అయితే సైకిలు అద్దెకి తీసుకుని జీబ్రాల మధ్య తొక్కుకుంటూ పోవచ్చు. వీటి గురించి ఏ ఏజెంటూ చెప్పడు. అందులో వాళ్లకి మిగిలేదేముంది?

మేం మాత్రం దక్షిణాఫ్రికాలో క్రూగర్ నేషనల్ పార్కుకి వెళ్లాం. నేను, మా ఆవిడ, బావమరిది, వాళ్లావిడ. జొహానెస్‌బర్గ్ ఎయిర్‌పోర్టులో మామూలు కారు అద్దెకి తీసుకున్నాం. అక్కడ కూడా మనలాగే ఎడమ పక్కే నడపాలి, స్టీరింగు కుడిచేతి వైపే. పార్కుకి ఐదు గంటల దారి. ఒక్క జాగ్రత్త చెప్తా, చీకటి పడ్డాక ఆ హైవేల మీద నడపకండి. విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి అక్కడే పడుకుని పొద్దున్నే బయల్దేరండి. ఇంకోటి, కారు అద్దెకిచ్చేవాళ్లు నడిపేవాడి పేరు మీద క్రెడిట్ కార్డు అడుగుతారు. మా బావమరిది డెబిట్ కార్డు పట్టుకొచ్చి కౌంటర్ దగ్గర బిక్కమొహం వేశాడు.

"బావా, మనంతట మనమే కారేసుకుని సింహాల మధ్యకి పోవడమేంటి?" అని వాడు ఇక్కడ బయల్దేరిన దగ్గర్నుంచీ సణుగుతూనే ఉన్నాడు. నాయనా, ఆ పార్కుకి సందర్శకుల కార్లు 1927 నుంచీ అలాగే వస్తున్నాయి. తారు రోడ్డు మీద 50, మట్టి రోడ్డు మీద 40 స్పీడు. చెప్పిన చోట తప్ప దిగకూడదు. గేటు మూసే టైముకి క్యాంపులో ఉండాలి. ఈ మూడూ పాటిస్తే గైడూ అక్కర్లేదు, జీపూ అక్కర్లేదు. ప్యాకేజీలో మనం డబ్బు పోసేది ఆ రెండింటికే కదా.

అక్కడ టికెట్టు విదేశీయులకి రోజుకి ఐదారు వందల రాండ్లు. రాండు మన 5 రూపాయల అటూఇటూ కాబట్టి 3 వేల చుట్టుపక్కల సర్దుకుంటుంది. వారం ఉంటే వైల్డ్ కార్డ్ అనే ఏడాది పాసు తీసుకోవడం లాభమేమో లెక్కేసుకోండి. స్థానికులకి మనకంటే చాలా తక్కువ. దానికి మా ఫ్రెండొకడు గొడవ. తాజ్ మహల్ దగ్గర మనకి 50, తెల్లవాడికి 1100 తీసుకున్నప్పుడు నోరు మెదపలేదు కదరా!

బస ప్రభుత్వ క్యాంపుల్లోనే. స్కుకుజా, లోయర్ సబీ, సతారా, ఒలిఫాంట్స్... ఫ్రిజ్జు, కరెంటు పొయ్యి, గిన్నెలు ఉన్న గదులు చాలానే ఉన్నాయి. సొంత టెంటు ఉంటే ఇంకా చవక. పార్కు వెబ్‌సైట్లో మనమే బుక్ చేసుకోవచ్చు, కానీ వాళ్ల స్కూలు సెలవుల్లో గదులు దొరకవు. పక్కనే సబీ సాండ్ అని ఖరీదైన ప్రైవేటు అడవి ఉంది. రెండింటి మధ్యా ఉన్న కంచె 1993లోనే తీసేశారు, జంతువులు అటూ ఇటూ తిరుగుతుంటాయి. అక్కడి గైడ్లు రోడ్డు దిగి పొదల్లోకి పోగలరు, మనం పోలేం. దాని ఫలితం మాకు తెలిసింది. వారం తిరిగినా చిరుత కనపడలేదు.

కనపడకపోతే పోనీ. లోయర్ సబీ పక్కన సన్‌సెట్ డ్యామ్ అని చిన్న చెరువు ఉంది. రోడ్డు పక్కనే కారు ఆపి, ఇంజను కట్టేసి రెండు గంటలు కూర్చున్నాం. నీటిగుర్రాలు గురక పెడుతున్నాయి. ఒకదాని వీపు మీద తాబేలెక్కి ఎండ కాచుకుంటోంది. గట్టు మీద మొసళ్లు ఎండిన తాటిదుంగల్లా పడున్నాయి. ఏనుగుల గుంపొకటి వచ్చి తాగి పోయింది. మా ఆవిడ శనక్కాయలు ఒలుస్తూ అన్నది ఒక్కటే, "మన తాడోబా పులుల అడవిలో అయితే ఈపాటికి టైమైపోయిందని జీపువాడు వెనక్కి తిప్పేసేవాడు." క్రూగర్‌లో అయితే వాళ్ల శీతాకాలంలో, అంటే జూన్, జులైలో, పొద్దున్న 6 నుంచి సాయంత్రం ఐదున్నర దాకా గడియారం మన చేతిలోనే ఉంటుంది.

పిక్నిక్ స్పాట్లలో గ్యాసు మీద పెట్టిన పెద్ద పెనం అద్దెకిస్తారు, స్కాటిల్ అంటారు దాన్ని. దాని మీద పచ్చిమిర్చి ఆమ్లెట్లు వేసుకున్నాం. ఒకటి కోతి పట్టుకుపోయింది. తిరుమల మెట్లదారి కోతులే నయం, కొంచెం మొహమాటమన్నా ఉంటుంది.

వెళ్తే మన వేసవిలో వెళ్లకండి, జూన్ నుంచి సెప్టెంబరు లోపు చూసుకోండి. అక్కడ అది పొడి కాలం. గడ్డి ఎండిపోతుంది, జంతువులు నీళ్ల దగ్గరికే వస్తాయి, దోమలూ తక్కువ. అయినా అది మలేరియా ప్రాంతమే, మాత్రల సంగతి ముందే డాక్టర్ని అడగండి. కెన్యా వెళ్లేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోండి, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేస్తారు. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపేసి క్వారంటైన్‌లో పెడతారు.

మొన్న బావమరిది ఫోన్ చేశాడు. వచ్చే జులైకి సతారాలో రెండు గదులు పట్టాడట. "నువ్వు రాకపోయినా పర్లేదు బావా, ఈసారి క్రెడిట్ కార్డు తీసుకున్నాను" అన్నాడు.